నొప్పికి కూడా తరుగేనా?

తిరుమలగిరి మున్సిపాలిటీకి ఇంటిపన్ను బాకీ లేకుండా కడుతున్న గృహస్థుణ్ణి నేను. ఆ రశీదుల బలంతో ఈ ఫిర్యాదు దాఖలు చేసుకుంటున్నాను. ప్రతివాది ఎవరన్నది ఇంకా తేలలేదు. వైద్యశాస్త్రమా, మా అమ్మా, మా ఇంటామె మోకాళ్లా అన్నది నలుగురు పెద్దమనుషులు కూర్చుని తేల్చాలి. కూర్చోగలిగిన పెద్దమనుషులు దొరికితే.

మా ఇంట్లో ఆరు మోకాళ్లు, ఆరు తుంటికీళ్లు ఉన్నాయి. అమ్మవి, మా ఇంటామెవి, నావి. వీటిలో కిర్రుమనకుండా పనిచేస్తున్నవి నావే. ఆ ఒక్క నేరానికి మిగతావాటి డ్యూటీ కూడా నావాటికే వేశారు. కిందపడ్డ చెంచా తీయాలంటే నేను. మంచం కిందికి దొర్లిన ఉల్లిగడ్డకు నేను. డాబా మీద ఎండేసిన మిరపకాయలకు నేను. కరెంటు బిల్లు కొట్టేటాయన వస్తే గేటు తీయడానికీ నేనే. కీళ్లు అరిగింది వాళ్లకు, అరుగుతున్నది నేను. ఈ రెండో రకం అరుగుదలకు ఇంతవరకు ఏ డాక్టరూ మందు రాయలేదు.

అమ్మకు మోకాళ్ల నొప్పి ముదిరిందని సూర్యాపేటలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. తిరుమలగిరిలో బస్సెక్కింది మొదలు అర్వపల్లి దాటేదాకా ఆమె తన నొప్పిని విడమరిచి చెబుతూనే ఉంది. "పొద్దున లేస్తే కట్టెవడ్తది బిడ్డా. రాత్రయితే ఒకటే సలుపుడు. మెట్టు దిగితే పానం పోతది. ఇగ గుంజుడైతే చెప్పరాదు." బస్సులో సగంమందికి మా ఇంటి మోకాళ్ల చరిత్ర కంఠతా వచ్చింది.

తీరా డాక్టరు ముందు కూర్చున్నాక ఆయన అడిగాడు: "అవ్వా, నొప్పి పదికి ఎంత ఉంటది?"

మా వైపు నూటికి ఇంత, పదికి ఇంత అని లెక్క చెప్పుకునేది ఒకే ఒక్క వ్యవహారంలో. అమ్మ ముఖం చిన్నబుచ్చుకుని, "మిత్తికి తెచ్చుడు మా ఇంట్ల లేదు సారూ" అంది.

ఆయన ఓపికమంతుడే. సున్నా అంటే నొప్పి లేనే లేదని, పది అంటే అంతకు మించిన నొప్పి మనిషి ఊహకు కూడా అందదని వివరించాడు. అమ్మ కాసేపు ఆలోచించింది. "నలుగుర్ని కన్న సారూ. అండ్ల ఒగడు అడ్డం తిరిగిండు" అంటూ నా వైపు చూసింది. "గదైతే పది. ఇది ఉత్త మోకాలే గద. రెండు రాస్కోండ్రి."

ఆయన రెండు అని రాసుకున్నాడు. రెండుకు తగ్గ బిళ్లలు రాశాడు. తిరుగు బస్సులో అదే నొప్పి అర్వపల్లి రాకముందే పన్నెండుకు చేరింది.

ఆ సంఖ్య ఆస్పత్రిలోనే ఆగిపోయి ఉంటే నాకీ కాగితం ఖర్చు తప్పేది. అది మా వెంట బస్సెక్కి ఇంటికొచ్చింది. మా ఇంటామెకు లెక్కలు వచ్చు. పదికి ఎంత అనే పద్ధతి వినగానే దాన్ని ఇంటి పరిపాలనలో అమలు చేసింది. అయిదు లోపల ఉంటే ఎవరి పని వాళ్లది. ఆరు దాటితే టీ నేను పెట్టాలి. ఏడైతే బాసాన్లు కూడా నావే. ఎనిమిదైతే మా అక్కచెల్లెళ్లెవరూ పండక్కి రాకూడదు. పొద్దున్నే "ఎంతున్నది?" అంటే "ఆరున్నర" అంటుంది. ఆ అర ఎక్కడినుంచి వచ్చిందంటే, "నువ్వడిగినంక వచ్చింది" అంటుంది. బంగారం దుకాణంలో కాంటాకూ పెట్రోలు పంపుకూ తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర వేసి పోతారు. ఈ ఆరున్నరకు ముద్ర వేసే అధికారి జిల్లాలో ఒక్కడు లేడు.

వడ్లు పండించే ఊళ్లవాళ్లకు కొలతల సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. కొనుగోలు కేంద్రానికి వడ్లు తెస్తే ముందు గుప్పెడు తీసి మిషన్‌లో పోస్తారు. తేమ 17 శాతం దాటిందా, మళ్లీ ఆరబోయమంటారు. ఆ తర్వాత కాంటా. ఆ తర్వాత అసలు ఘట్టం, తరుగు. తాలు ఉందని కొంత, మట్టి ఉందని కొంత, ఏమీ లేకపోయినా ఆనవాయితీ అని కొంత కోస్తారు. రైతులు రోడ్డెక్కుతారు, ధర్నా చేస్తారు, మర్నాడు జిల్లా పేపర్లో ఫొటో పడుతుంది. నొప్పికి కూడా సరిగ్గా ఇదే వరసలో తరుగు తీస్తున్నారని నా ఆరోపణ. ఈ ఈడుకు నొప్పులుండవా అని వయసు పేరిట ఒక కోత. ఒళ్లు తగ్గించుకోరాదా అని బరువు పేరిట ఇంకో కోత. ఎక్స్‌రేలో అంత కనిపిస్తలేదే అని మూడోది. ఆడవాళ్లు అట్లనే అంటరు అని నాలుగోది, దీనికి రశీదు కూడా ఇవ్వరు. అందరికంటే పెద్ద కోత మాత్రం అమ్మే కోసుకుంది. పదింటిలో ఎనిమిది డాక్టరు బల్ల మీద తనే వదిలేసి వచ్చింది. ఇక్కడ ధర్నాలు లేవు. ఉండవు కూడా. రోడ్డు మీద బైఠాయించాలంటే ముందు మోకాళ్లు మడవాలి.

వడ్లకు ఉన్నట్టు నొప్పికీ ఒక మిషన్ ఉంటే పీడా పోయేది కదా అనిపించింది. అమెరికాలో అది కూడా అయింది. 1940లో కార్నెల్ యూనివర్సిటీలో జేమ్స్ హార్డీ, హెరాల్డ్ వుల్ఫ్, హెలెన్ గుడెల్ అని ముగ్గురు ఈ పనికి పూనుకున్నారు. నుదుటికి నల్లరంగు పూసి, దాని మీద దీపపు వేడిని పడేసి, ఎంత వేడికి నొప్పి మొదలవుతుందో, ఇంకెంత పెంచితే మనిషికి తేడా తెలుస్తుందో కొలిచారు. పాపం ముందు తమ నుదుళ్లే కాల్చుకున్నారు. పరికరానికి డోలోరిమీటర్ అని, కొలతకు డోల్ అని పేరు పెట్టారు. కొన్నేళ్ల శ్రమ తర్వాత తేల్చినదేమిటంటే, మనిషికి కలిగే గరిష్ఠమైన నొప్పి పదిన్నర డోల్. మా ఇంటామె చెప్పే అరకు శాస్త్రాధారం ఉందని తెలిసి నేను చాలా నిరుత్సాహపడ్డాను. ఆ తర్వాత వేరేవాళ్లు ప్రయత్నిస్తే ఆ లెక్కలు కుదరలేదు, మిషన్ మూలన పడింది. నుదుటి మీది మంట ఒక క్షణం పని. మోకాలి నొప్పి ఇరవై ఏళ్ల కాపురం. ఒకదాంతో ఇంకోదాన్ని కొలవడం కుదిరేది కాదు.

మిషన్ పోయాక మిగిలిన దారి మనిషినే అడగడం. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979లో నొప్పికి ఒక నిర్వచనం ఇచ్చి, 2020లో దాన్ని సవరించింది. నాకు నొప్పిగా ఉంది అని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలి అని అందులో రాసుకుంది. ఆ కాగితం మా ఇంటామె కంట పడకుండా నా జాగ్రత్తలో నేనున్నాను.

అడగడానికి బోలెడు పద్ధతులు కనిపెట్టారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకతె అమ్మ ముందు పది సెంటీమీటర్ల గీత ఉన్న కాగితం పెట్టింది. ఈ కొసన నొప్పి లేదు, ఆ కొసన భరించలేని నొప్పి, మీ నొప్పి ఎక్కడుందో గుర్తు పెట్టమంది. "నొప్పి ఈడ లేదు బిడ్డా, కాలుల ఉన్నది" అంది అమ్మ. కాగితం ముందుకు జరిపితే బొటనవేలు చాపి, "ముద్ర ఏడెయ్యాలె?" అని అడిగింది. చదువు లేని పెద్దవాళ్లకు ఈ గీత తలకెక్కదని పరిశోధకులకు కూడా తెలుసు. అందుకని ఆ అమ్మాయి బొమ్మలు తీసింది. 1983లో ఓక్లహోమాలో డోనా వాంగ్, కోనీ బేకర్ అనే ఇద్దరు చిన్నపిల్లల కోసం తయారుచేసిన ఆరు ముఖాలు. మొదటిది నవ్వుతుంది, చివరిది కన్నీళ్లు పెట్టుకుంటుంది. అమ్మ చివరి బొమ్మనే చాలాసేపు చూసింది. "గీ పిలగాడు ఎవలోళ్లు? అన్నం పెట్టలేదా?" అంది. అది నొప్పి బొమ్మ అని చెబితే, "మోకాలు నొస్తే ఏడుస్తరా ఎవలన్న?" అని దాన్ని పక్కకు నెట్టేసింది. ఆ విధంగా ఆరో ముఖం జీవితకాలానికి రద్దయింది. మిగిలిన వాటిలో ఆమె ఏరుకున్నది రెండో ముఖం. మళ్లీ తరుగే.

ఇక ప్రశ్నాపత్రాలు. ఈ విద్యకు పెద్ద దిక్కు కెనడాలో పుట్టిన ఊమాక్ అనే పత్రం. నికొలస్ బెల్లమీ 1982లో మొదలుపెట్టిన పని, 1988లో జర్నల్‌కెక్కింది. తుంటి, మోకాలి అరుగుదల మీద ప్రపంచంలో ఎక్కడ పరిశోధన జరిగినా దీని పేరు వినిపిస్తుంది. ఇరవై నాలుగు ప్రశ్నలు. నొప్పి మీద అయిదు, బిగుసుకుపోవడం మీద రెండు, పనుల మీద పదిహేడు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం 96. మార్కులు ఎంత ఎక్కువ వస్తే అంత ఫెయిలైనట్టు.

మంచి పత్రమే, కాదనను. కానీ మా అమ్మ దానికి జవాబు చెప్పడం విన్నాక కొన్ని అభ్యంతరాలు నమోదు చేయక తప్పదు. సాక్సులు తొడుక్కోవడంలో ఎంత కష్టం ఉంది అని ఒక ప్రశ్న. విప్పడంలో ఎంత అని ఇంకో ప్రశ్న. 45 డిగ్రీల ఎండ కాసే నేలలో పుట్టి, పొలం గట్ల మీద ఒట్టికాళ్లతో నడిచిన మనిషికి సాక్సుల ఖాతాలో రెండు సున్నాలు పడ్డాయి. స్నానపు తొట్టిలోకి దిగడం, ఎక్కడం గురించి మరొకటి. మా ఇంట్లో తొట్టి ఉంది. అందులోకి ఎవరైనా దిగితే నల్లా వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ నీళ్లుండవు. అక్కడా సున్నా. కారెక్కడం, దిగడం ఇంకొకటి. "పెండ్లిల ఎక్కిన" అంది, ఏ పెళ్లో అడగలేదు. ఆ పత్రం ప్రకారం మా అమ్మ చాలా సుఖంగా ఉన్న మనిషి.

అడగనివి ఏమిటో చెబుతాను. కింద కూర్చుని తినడం. తిన్నాక చేయి నేలకు ఆనించకుండా లేవడం. కత్తిపీట ముందు కూర్చుని తోటకూర తరగడం. మా ఇంటి వెనక ఉన్న ఇండియన్ లెట్రిన్‌లో కూర్చుని, తిరిగి మానవ సమాజంలోకి రావడం. ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు ఎక్కడం. 2023 డిసెంబరు నుంచి మా ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది, సంతోషం. మొదటి మెట్టు ఎత్తు మాత్రం ఒక్క అంగుళం తగ్గలేదు. టికెట్టు లేకపోవచ్చు, ఎక్కినందుకు మోకాలి దగ్గర వసూలు చేస్తూనే ఉంది.

స్వీడన్‌లో ఈవా రూస్ అనే ఆమె 1998లో ఇంకాస్త పెద్ద పత్రం తెచ్చారు. కూస్ అంటారు, నలభై రెండు ప్రశ్నలు. అందులో గొంతుకూర్చోవడం గురించి అడిగారు, మోకాళ్ల మీద వంగడం గురించి కూడా అడిగారు. ఎక్కడ అడిగారనుకున్నారు? ఆటలు, వినోదాల విభాగంలో! పరుగెత్తడం, దుమకడం పక్కన. ఆ లెక్కన మా అమ్మ డెబ్బై ఏళ్లుగా రోజూ పొద్దున్నే చెంబు పట్టుకుని పోయి ఆడుతున్నది ఒక క్రీడ. ఏ ప్రభుత్వమూ అర్జున అవార్డుకు ఆమె పేరు పంపలేదు.

మనవాళ్లకు ఈ సంగతి తట్టలేదని కాదు. పుణెలో కీళ్లవ్యాధుల డాక్టరు అరవింద్ చోప్రా బృందం 1996లో భిగ్వాన్ అనే పల్లెలో ఇల్లిల్లూ తిరిగి కీళ్ల నొప్పుల లెక్క తీసింది. ఊమాక్ ప్రశ్నలను కూడా మన బతుకుకు తగ్గట్టు మార్చుకుని వాడింది. చైనాలో బీజింగ్ పెద్దవాళ్లను పరిశీలించి 2004లో ఒక బృందం చెప్పిందేమంటే, వయసులో ఉన్నప్పుడు రోజూ గంటలకొద్దీ గొంతుకూర్చున్నవాళ్లకు మోకాళ్ల అరుగుదల ఎక్కువగా కనిపించిందని. అంటే ఎక్కడ అరుగుతున్నదో అక్కడే అడగాలన్న మాట కొత్తదేం కాదు. ఆ మాట పుణె నుంచి సూర్యాపేటకు రావడానికి ఏ బస్సు ఎక్కిందో ఆరా తీస్తున్నాను.

ఎక్స్‌రే అబద్ధం చెప్పదు కదా అంటారు మా బామ్మర్ది. ఆయనే దానికి విరుగుడు సాక్ష్యం. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు ఇంగ్లండు డాక్టర్లు 1957లో ఎక్స్‌రేను చూసి అరుగుదలకు సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడులు పెట్టారు. మా బామ్మర్దికి నాలుగో గ్రేడు. ఎముకకు ఎముక ఆనుకుని ఉందని డాక్టరు దిగులుపడ్డాడు. ఆ మనిషి పొద్దున్నే బండి వేసుకుని బావి కాడికి పోయి, సాయంత్రం దాకా ఒడ్లు చెక్కి వస్తాడు. మా ఇంటామెకు రెండో గ్రేడు. ఆమె ఆరున్నర. గ్రేడుల ప్రకారం ఆయన ఆమెతో టీ పెట్టించుకోవాలి.

"గుజ్జు అరిగిపోయింది" అని మా ఊళ్లలో ఒక్క మాటతో తీర్పు చెప్పేస్తారు. తమాషా ఏమిటంటే ఆ గుజ్జుకు, అంటే ఎముకల చివర ఉండే మృదులాస్థికి, నరాలే లేవు. అది అరుగుతున్నప్పుడు దానికి తెలియదు, మనకూ తెలియదు. నొప్పి వచ్చేది దాని చుట్టుపక్కల నుంచి. కింది ఎముక ఒత్తుకుని వాచినప్పుడు, కీలు లోపలి పొర ఉబ్బినప్పుడు, చుట్టూ ఉన్న తిత్తి, తంత్రులు లాగినప్పుడు. పైగా ఏళ్ల తరబడి నొప్పి వార్తలు మోసి మోసి వెన్నుపాము, మెదడు కూడా చిన్న కబురుకే పెద్ద అల్లరి చేయడం మరుగుతాయట. రాత్రి నిద్ర లేకపోతే, మనసు కుంగితే, ఇంకా ఎక్కువ. ఇవేవీ ఎక్స్‌రేలో పడవు. ఫిల్ము పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూస్తున్న డాక్టరుకు కనిపించేది ఎముకలే. కోడలి మాట పడి నిద్రపోని రాత్రి అందులో ఎక్కడా ఉండదు.

నొప్పి ఉన్నచోటే జబ్బు ఉంటుందన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. మా వాడకట్టులో ఒక పెద్దమ్మ మోకాలికి అమృతాంజనం రాసీ రాసీ ఆ సీసాలతోనే గూడు నింపింది. ఆరెంపీ మోకాలికి సూదులు వేశాడు, ఇంకెవరో కట్టు కట్టారు. చివరికి ఒక డాక్టరు ఆమెను పడుకోబెట్టి కాలు మడిచి పాదాన్ని పక్కకు తిప్పితే గజ్జలో పట్టి కెవ్వుమంది. అరిగింది తుంటికీలు, నొప్పి చెబుతున్నది మోకాలు. మన దేశంలో మోకాళ్ల అరుగుదలతో పోలిస్తే తుంటిది తక్కువే, అందుకే ఎవరికీ ముందు తట్టదు. గ్రేడులు పెట్టిన ఆ కెల్‌గ్రెన్ అంతకు చాలా ముందే, 1938 ప్రాంతంలో, కండరాల్లోకీ తంత్రుల్లోకీ చిక్కటి ఉప్పునీళ్లు సూదితో ఎక్కించి, ఒకచోట పొడిస్తే నొప్పి వేరేచోట తెలుస్తుందని చూపించాడు. తన ఒంట్లో కూడా ఎక్కించుకున్నాడు. ఈ శాస్త్రంలో తమను తాము హింసించుకున్నవాళ్లకు లోటు లేదు. అమృతాంజనం మాటొచ్చింది కనుక చెప్పుకోవాలి, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టి, ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక తెచ్చారు. తెలుగువాడి తలనొప్పి మీద తెలుగు పత్రిక నడిచిందంటే నొప్పి పూర్తిగా దండగ అనడానికి లేదు.

మా పాత నల్లగొండ జిల్లాలో మోకాలు పట్టేసిందంటే పెద్దలు ముందు అడిగే మాట, ఏ బావి నీళ్లు తాగారు అని. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లకు ఆ ప్రశ్న వింతగా ఉండదు. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1975లో పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి చెప్పి దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టింది. వేరే ఊళ్ల పేర్లు పూతరేకులతో, చీరలతో ప్రపంచానికి తెలిశాయి, మా జిల్లా పేరు నీళ్ల పటికతో తెలిసింది. ఫ్లోరైడు పట్టిన కీళ్లు వేరు, వయసుతో అరిగిన కీళ్లు వేరు. బిగుసుకుపోవడం, నొప్పి మాత్రం ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునేటట్టే ఉంటాయి. "ఎంత నొప్పి" అని అడిగే ముందు "ఎన్నేళ్లు ఏ నీళ్లు" అని అడగాల్సిన నేల ఇది. పదికి ఎంత అనే పత్రంలో ఆ గడి ఉండదు.

ఇప్పుడు నా ఫిర్యాదులోని ప్రధానాంశానికి వస్తాను. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. ఇంట్లో గడప దాటడానికి నా భుజం అడిగే మా అమ్మ, ఆ జాతరలో భుజం వదిలేసి "ఓ లింగా" అంటూ గట్టెక్కింది. నేను కింద చెప్పులు కాపలా కాస్తూ ఈ దృశ్యం కళ్లారా చూశాను. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నొప్పి అబద్ధమన్నా కావాలి, లింగమంతుల స్వామి ఎముకల డాక్టరన్నా కావాలి. ఈ పాయింటు మీద కేసు గెలుస్తానని గట్టిగా అనుకున్నాను. హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు అడ్డం వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, ఇటలీలోని ఆంజియో దగ్గర ఆయన గాయపడ్డ సైనికులకు వైద్యం చేశాడు. ఒళ్లు ఛిద్రమైనవాళ్లలో చాలామంది పెద్దగా నొప్పి లేదన్నారట, మార్ఫిన్ అక్కర్లేదన్నారట. బతికి బట్టకట్టాం, ఇక ఇంటికి పోతాం అన్న ఆలోచన నొప్పిని అణిచిందని ఆయన 1946లో రాశాడు. గాయం ఎంతో నొప్పి అంతే అనే లెక్క చెల్లదన్నాడు. నొప్పి అబద్ధం కాకుండానే గట్టెక్కవచ్చునన్న మాట. జాతర నుంచి వచ్చాక అమ్మ మంచం దిగకపోవడం కూడా ఆయన పక్షానే సాక్ష్యం చెప్పింది. (ముసురు పట్టేముందు తన మోకాలు చెబుతుందని కూడా అమ్మ అంటుంది. దీని మీద జరిగిన పరిశోధనలు ఒకసారి అవునంటాయి, ఒకసారి కాదంటాయి. చెప్పిన వాన రాకపోతే తప్పు వానదే అని మా ఇంట్లో తీర్మానం ఉంది.)

రెండో ప్రతివాది మా ఇంటామె. కొన్నాళ్లకు ఆమె ఆరున్నర తగ్గుతూ తగ్గుతూ రెండుకు దిగింది. బిళ్లలు పనిచేశాయని, నేను తెచ్చిన కాపడం సంచి పనిచేసిందని, నాకు తెలిసినవాళ్లందరికీ చెప్పాను. సద్దుల బతుకమ్మ నాడు చూస్తే, వాడకట్టు ఆడవాళ్లందరూ వలయంగా వంగి చప్పట్లు కొడుతుంటే ఆమె పక్కన కుర్చీలో కూర్చుని సత్తుపిండి గిన్నె పట్టుకుని ఉంది. పెళ్లయిన కొత్తలో తెల్లారేదాకా ఆడిన మనిషి.

"తగ్గింది గద, ఆడవేంది?" అన్నాను.

"ఆడుతలేను గాబట్టే తగ్గింది" అంది.

ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే, ఆమె కింద కూర్చోవడం ఎప్పుడో మానేసింది. డాబా ఎక్కడం మానేసింది. బుధవారం అంగడికి పోవడం మానేసింది. నాట్లప్పుడు పుట్టింటికి పోయి నాలుగు మునుములు వేసి వచ్చే సరదా మానేసింది. చెల్లెలింట్లో ఇండియన్ లెట్రిన్ అని రాత్రి అక్కడ ఉండడం మానేసింది. మెట్లెక్కనివాళ్లకు మెట్ల నొప్పి ఉండదు. నడవనివాళ్లకు నడక నొప్పి ఉండదు. పత్రం మీద మార్కులు బాగుపడతాయి, మనిషి తిరిగే చోటు గదికి కుదించుకుపోతుంది. మోకాళ్ల పరిశోధకులకు ఈ మోసం తెలుసు. 2008లో గిలియన్ హాకర్ తదితరులు తెచ్చిన ఒక ప్రశ్నాపత్రం, ఎప్పుడూ ఉండే సన్న నొప్పిని, ఉన్నట్టుండి వచ్చే పోటును వేరు చేసి అడుగుతుంది. ఎంత నొస్తుందని ఒక్క మాటతో వదలకుండా, దానివల్ల ఎంత విసుగు, ఎంత దిగులు, ఎంత నిద్ర చెడింది అని కూడా అడుగుతుంది. జబ్బు ముదిరేకొద్దీ మనిషిని కట్టిపడేసేది ఎప్పుడొస్తుందో తెలియని ఆ పోటేనట. నడిబజార్లో కాలు పట్టేస్తే నలుగురిలో ఏంగాను అన్న భయం పదికి ఎంత? మా ఇంటామె ఎన్నడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మందుల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే తొందరగా చెప్పాల్సినంతే ఉంది. తొడ కండరం గట్టిపడే కసరత్తు రోజూ చేయాలి, నొప్పిగా ఉన్నా నడక మానకూడదు. ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క ఉంది. చేతికర్ర పట్టేది నొప్పి ఉన్న కాలికి అవతలి చేతిలో. మా ఊళ్లో అందరూ ఇవతలి చేతితోనే పడతారు, చెబితే నన్నే అదోలా చూస్తారు. మోకాలికైతే నొప్పి తగ్గించే జెల్ పైన రాయడం మేలు. మెడికల్ షాపులో పేరు చెప్పి తెచ్చుకుని నెలల తరబడి మింగే నొప్పి బిళ్లలు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను తింటాయి. ఈ ఒక్క వాక్యంలో నాకు వెటకారం లేదు. 2002లో హ్యూస్టన్‌లో 180 మంది మోకాళ్ల మీద ఒక పరీక్ష చేశారు. కొందరికి గొట్టం పెట్టి లోపల శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద గాటు మాత్రం పెట్టి కుట్టేశారు. రెండు వర్గాలకూ నొప్పి ఒకేలా తగ్గింది. ఇది చదివి గాటు ఖర్చుతో గట్టెక్కవచ్చని ఆశపడ్డాను, మా ఇంటామె ఒప్పుకోలేదు. ఇక ఆఖరి మెట్టు కీలు మార్పిడి. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి కీళ్ల ధరలకు పరిమితి పెట్టింది, మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు. అది సామాను ధర మాత్రమే, ఆస్పత్రి బిల్లు వేరు. వాజపేయి ప్రధానిగా ఉండగానే 2000లో ఒకటి, 2001లో ఒకటి మార్పించుకున్నాక మన దేశంలో ఈ ఆపరేషన్ పేరు ఇంటింటికీ తెలిసింది. చాలామందికి నిజంగా మంచి జరుగుతుంది. మార్పించుకున్నా అయిదుగురిలో సుమారు ఒకరికి నొప్పి మిగిలే ఉంటుందన్నది కూడా సంతకం పెట్టేముందు అడిగి తెలుసుకోవాలి.

మా మండలానికి ప్రభుత్వాలు రాకపోలేదు. 2021లో దళితబంధు మొదట అమలైన మండలాల్లో మాది ఒకటి. 2025 జూలైలో కొత్త రేషన్ కార్డుల పంపిణీ మా తిరుమలగిరిలోనే మొదలుపెట్టారు. మోకాళ్ల దాకా ఇంకా ఎవరూ రాలేదు. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. అక్కడ చదివే పిల్లలకు, చెప్పే పెద్దలకు నా విజ్ఞప్తి ఇది. సాక్సుల ప్రశ్నలు తీసేసి మా బతుకు పనులతో ఒక పత్రం తయారు చేయండి. పీట మీద కూర్చోవడం, లెట్రిన్‌లో లేవడం, ఫుట్‌బోర్డు, నాటు, బతుకమ్మ, గట్టు. పక్కన ఇంకొక గడి పెట్టండి, ఈ ఏడాదిలో ఏ పనులు మానేశారు అని. తిరుమలగిరికి ఒక్కరోజు వస్తే ఒక్క వాడకట్టులోనే మీకు కావలసినన్ని మోకాళ్లు చూపిస్తాను. అడిగేటప్పుడు మాత్రం ఇంటి మగవాళ్లను, నాతో సహా, కాసేపు బయటికి పంపండి.